ఇంటి వాకిట్లో తోలుబొమ్మలాట: లేపాక్షి జటాయువు కథకు ఎక్కడ మొదలుపెట్టాలి?

రాగిముద్ద:

అందరికీ నమస్కారం. మా అత్తగారి ఊరు లేపాక్షికి దగ్గర్లో, హిందూపురం దారిలో. మేము ఉండేది బెంగళూరులో. సంక్రాంతికి ఇంటివాళ్ళం అందరం ఊళ్లో కలుస్తాం. మా పిల్లలు, మా ఆడబిడ్డ పిల్లలు, చిన్నమామ మనవళ్ళు... అయిదేళ్ళ పాప నుంచి పదో తరగతి పిల్లాడి వరకు ఉంటారు.

పోయిన సెలవుల్లో మా అత్తమ్మ వీళ్ళందరినీ లేపాక్షి తీసుకుపోయింది. బండమీద ఎప్పుడూ తడిగా ఉండే సీతమ్మ పాదం చూపించింది. రాతిగుట్ట మీది జటాయువు విగ్రహం చూపించింది. రావణుడు రెక్కలు నరికితే ఆ పక్షి ఇక్కడే పడిందని, రాముడు వచ్చి "లే, పక్షీ" అన్నాడని చెప్పింది. ఇంటికొచ్చాక మా చిన్నది ఒకటే ప్రశ్న. అంత పెద్ద పక్షి పడితే ఎంత చప్పుడు అయ్యుంటుంది? అప్పటినుంచి పిల్లలకు ఆ కథను ఆడి చూపించాలని పట్టుదల వచ్చింది.

మా ఇంటిముందు పెద్ద వాకిలి, ఒక వేపచెట్టు ఉన్నాయి. సాయంత్రం వీధిలో వాళ్ళను పిలిచి తోలుబొమ్మలాట లాగా ఆడిద్దామని అనుకున్నాం. మా మామ భజన మండలిలో ఉన్నారు, హార్మోనియం వాయిస్తారు. చెక్కభజన వాళ్ళు కూడా ఊళ్లో ఉన్నారు. బొమ్మల సంగతే మాకు ఏమీ తెలియదు.

తోలు మా వల్ల కాదు, దాని బదులు ఏది వాడాలి? నూనెదీపమా, బల్బా? మా ఆయన మాటలన్నీ ముందే ఫోన్‌లో రికార్డు చేసి స్పీకర్లో పెడదాం, పిల్లలకు టెన్షన్ ఉండదు అంటున్నారు. అది సరైన పనేనా? ఇంకోటి, మా అత్తమ్మ లేపాక్షి గుడి కట్టించిన విరూపణ్ణ కథ కూడా ఇందులో ఉండాల్సిందే అంటోంది. రెండు కథలూ ఒక ఆటలో ఎలా పట్టించాలో తెలియట్లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

---

డల్లాస్ పెరడు:

మేము ఇక్కడ పెరట్లో పిల్లలతో వేశాం, దసరాకు. కథ మైరావణుడిది. తోలు బదులు లావుపాటి డ్రాయింగ్ అట్ట, ఆ అట్టలో నగలు, చీర అంచు ఉన్నచోట కత్తిరించేసి వెనక రంగుల జిలెటిన్ కాగితం అంటించాం. తెర మీద రంగు చాలా బాగా పడింది. ఆంజనేయుడు తోకతో కోట కట్టే సీనుకు పొడుగ్గా ఒక తోక విడిగా చేసి తెర చుట్టూ తిప్పాం. పిల్లలు అందరికన్నా దానికే ఎక్కువ సంబరపడ్డారు.

ఒక్కటే మాట చెప్తాను, గాలి. బయట వేసేటప్పుడు తెర నాలుగు వైపులా బిగించాలి. పైన ఒక్క తాడు కట్టి వదిలేస్తే తెర తెరచాపలా ఊగుతుంది, నీడ నిలవదు. మేము కింది అంచుకు కూడా వెదురు కట్టి ఇసుక సంచులు పెట్టాం.

---

ఈతముల్లు:

అక్కా, మీ ప్రశ్న చూసి చాలా సంతోషమైంది. మాది ధర్మవరం వైపు. మా తాత, నాయన, మేనత్తలు అందరూ బొమ్మలాట వాళ్ళే. నేను పగలు వేరే పని చేసుకుంటున్నా, ఆట ఉందంటే మృదంగం పక్కన కూర్చోవడానికి పోతా. ఇంట్లో మేము మాట్లాడుకునేది ఆరె మరాఠీ. తెర వెనక్కు పోతే మాత్రం తెలుగే. ఆ తెలుగు కూడా మా తాత నోట పద్యంలో ఒక రకం, హాస్యం చెప్పే బొమ్మ బంగారక్క నోట ఇంకో రకం.

ముందు రికార్డింగు సంగతి చెప్తా. దయచేసి ఆ పని చేయొద్దండి. బొమ్మను పట్టుకున్న మనిషే మాట్లాడాలి. మాటకు ఊపిరి తీసుకున్నప్పుడు చెయ్యి కొంచెం లేస్తుంది, ఆ చెయ్యి లేచినప్పుడే బొమ్మకు ప్రాణం వస్తుంది. స్పీకర్లో మాట ఒకచోట, బొమ్మ ఇంకోచోట ఉంటే చిన్నపిల్లలు కూడా కనిపెట్టేస్తారు. ఇంకో కారణం కూడా ఉంది. బయట ఆట అంటే మధ్యలో కుక్క పోతుంది, ఎవరో పాలక్యాను కింద పడేస్తారు, చంటిబిడ్డ ఏడుస్తుంది. మా నాయన హాస్యగాడి బొమ్మ జుట్టుపోలిగాడిని ఆడించేటప్పుడు వాటన్నిటికీ జవాబు చెప్పేవాడు. "యాడికి పోతావ్‌లే మామా, కూసో, ఇంకా రావణాసురుడు రాలేదు" అని మధ్యలో లేచిపోయేవాణ్ణి తెర మీంచే పిలిచి కూర్చోబెట్టేవాడు. జనం ఆటకు కట్టుబడేది అక్కడే. రికార్డు చేసిన మాట అలా ఆగి ఎవరినీ పలకరించదు.

పిల్లలకు టెన్షన్ అంటున్నారు. తెర వెనక ఎవరికీ ముఖం కనపడదు కదా, స్టేజీ మీద బిగుసుకుపోయే పిల్లలు కూడా ఇక్కడ గట్టిగా మాట్లాడతారు. మాటలు రాసి బట్టీ పట్టించకండి. కథ ఎట్లా పోతుందో అయిదారు ముక్కల్లో చెప్పి, వాళ్ళ మాటల్లో వాళ్ళను చెప్పనివ్వండి. పద్యం ఒక్కటి మాత్రం నేర్పించండి, రావణుడు అడ్డుపడిన పక్షిని బెదిరించే చోట. అది మీ మామ హార్మోనియం మీద ఎత్తుకుంటే చాలు, పిల్లలు వెనక అందుకుంటారు.

ఇక తెర. మా దగ్గర రెండు తెల్లపంచెలు కలిపి కుట్టి వెదుళ్ళకు బిగిస్తారు. కింద నేలనుంచి నడుమెత్తు దాకా నల్ల కంబళి కట్టాలి, లేకపోతే ఆడించేవాళ్ళ కాళ్ళు కనిపిస్తాయి. పై అంచు జనం వైపుకు కొంచెం వాలేటట్టు కట్టండి. అప్పుడు బొమ్మ దానంతట అదే తెరకు ఆనుకుంటుంది, పిల్లల చేతులు నొప్పి పుట్టవు. మాట్లాడని బొమ్మను పట్టుకుని నిలబడక్కర్లేదు, ఈతముల్లుతో తెరకు గుచ్చి వదిలేస్తాం. రాముడు, లక్ష్మణుడు ఒక పక్క ముళ్ళ మీదే నిలబడి ఉంటారు, మధ్యలో పోలిగాడు గంతులేస్తాడు. మీ పిల్లలకు ముళ్ళు వద్దనుకుంటే గుండుసూదులు కాకుండా బట్టల క్లిప్పులు పెట్టండి, చీకట్లో సూది వేలికి దిగుతుంది.

దీపం గురించి. మా తాతల కాలంలో ఆముదం దీపాలు, తర్వాత పెట్రోమాక్స్, ఇప్పుడు కరెంటు బల్బు. నూనెదీపానికి ఉన్న అందం వేరే, మంట కదిలినప్పుడల్లా బొమ్మ కూడా కదిలినట్టే ఉంటుంది. కానీ పంచె తెర, పిల్లలు, జనవరి గాలి, వీటన్నిటి మధ్య మంట వద్దే వద్దు. పసుపు కాంతి ఇచ్చే బల్బు ఒకటి, ఆడించేవాళ్ళ తలకన్నా ఎత్తున, వాళ్ళకూ తెరకూ మధ్యన వేలాడదీయండి. వాళ్ళ వెనక పెడితే వాళ్ళ నీడే తెర మీద పడుతుంది. ట్యూబులైటు వద్దు, దాని వెలుగు పొడుగునా పరుచుకుంటుంది, నీడకు అంచు రాదు. రెండు బల్బులు పెడితే ఒక్కో బొమ్మకు రెండు నీడలు వస్తాయి. తెర పెద్దదైతే తప్ప ఒకటే చాలు.

మీ వీధిలో పంచాయతీ ఎల్‌ఈడీ లైటు ఉందా చూడండి. అన్నిటికంటే పెద్ద అడ్డంకి అదే. ఆ గంటన్నర సేపు దాన్ని ఆపమని ముందే అడిగి పెట్టుకోండి. తెర ముందు వైపు వెలుగు పడితే వెనక ఎంత బల్బు పెట్టినా బొమ్మ వెలిసిపోతుంది.

బొమ్మల విషయం. మా దగ్గర ఇప్పుడు ఎక్కువగా మేకతోలే. పూర్వం దేవుళ్ళకు జింకతోలు వాడేవారు, వన్యప్రాణుల చట్టం 1972లో వచ్చాక అది లేదు. మేకతోలును వేడినీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి కట్టి ఎండబెడితే వెలుగు లోపలికి దూరేంత పలచన అవుతుంది. దాని మీద కలంతో గీసి, ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొట్టి, రెండు వైపులా రంగు వేస్తారు. ఆ రంధ్రాల్లోంచి వచ్చే వెలుగే నగలూ కిరీటాలూ. ఆంధ్ర తోలుబొమ్మలు దేశంలో అన్నిటికంటే పెద్దవి, నాలుగు నుంచి ఆరు అడుగుల దాకా ఉంటాయి. మీ పిల్లలకు అంత వద్దు, అడుగున్నర, రెండు అడుగులు చాలు. జటాయువు మాత్రం అందరికంటే పెద్దగా ఉండాలి.

డల్లాస్ వారు చెప్పిన అట్ట, జిలెటిన్ మంచి పద్ధతే. నాకు ఇంకా ఇష్టమైనది నూనెకాగితం. తెల్ల డ్రాయింగ్ కాగితం మీద రంగులు వేసి, ఆరాక వెనక వైపు కొబ్బరినూనె పలచగా రుద్దండి. రెండు మూడు గంటలకు కాగితం తోలులాగా వెలుగును పట్టుకుంటుంది. బాగా తుడిచి వాడాలి, లేదంటే తెరకు నూనె మరక అవుతుంది. నగలకు పంచింగ్ మిషన్‌తో రంధ్రాలు కొట్టండి. భుజం, మోచెయ్యి, నడుము దగ్గర ముక్కలు విడిగా కోసి, దారం గుచ్చి రెండు వైపులా ముడి వేయాలి. ముడి గట్టిగా బిగిస్తే చెయ్యి తిరగదు, కొంచెం వదులుగా ఉండాలి. నడిమి కర్రకు వెదురు బద్దను నిలువునా చీల్చి, ఆ చీలికలో బొమ్మను ఇరికించి దారంతో చుట్టేయండి. చేతులకు సన్న పుల్లలు.

జటాయువు రెక్కలు తెగడం ఎట్లా అని పిల్లలు అడుగుతారు. మేము రెండు బొమ్మలు పెట్టుకుంటాం, రెక్కలున్నది ఒకటి, లేనిది ఒకటి. రావణుడి కత్తి పక్షి మీదికి వస్తుంది, ఆ క్షణంలో రావణుడి రథాన్ని తెరకు అడ్డంగా నడిపిస్తాం, రథం పోయేలోపు బొమ్మ మారిపోతుంది. తెగిన రెక్క ఒకటి విడిగా చేసి పైనుంచి మెల్లగా తిప్పుతూ దించండి. రెక్కను తెరకు తాకించకుండా కొంచెం వెనక్కు, బల్బు వైపుకు జరిపితే నీడ పెద్దదై మసకబారుతుంది. అట్లా మసకగా మొదలై, తెరకు దగ్గరవుతూ స్పష్టంగా కిందికి వస్తే జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. ఈ ముందుకూ వెనక్కూ జరపడం ఒక్కటి వస్తే సగం ఆట వచ్చినట్టే. సుందరకాండలో ఆంజనేయుడు పెరగడానికీ తగ్గడానికీ మాకు రకరకాల సైజుల బొమ్మలు ఉంటాయి, కానీ ఇంట్లో ఆడేవాళ్ళకు ఈ ఉపాయం చాలు.

మీ చిన్నపాప అడిగిన చప్పుడు. అది మంచి ప్రశ్న అక్కా, ఆట మొత్తానికి అదే కీలకం అనిపించింది నాకు. మా వాళ్ళు తెర వెనక నేలమీద ఒక చెక్క పలక వేసి ఉంచుతారు, యుద్ధం వచ్చినప్పుడు కాలితో దాన్ని తొక్కుతారు. గజ్జెలు కట్టిన కాలు ఒకటి, పలక ఒకటి, మృదంగం ఒకటి, ఈ మూడూ కలిస్తే పిడుగు పడినట్టే ఉంటుంది. మీ ఊళ్లో చెక్కభజన వాళ్ళు ఉన్నారన్నారు, వాళ్ళను అడగండి. పక్షి పడేదాకా చెక్కలు వేగం పెంచుకుంటూ పోయి, పడే చోట అందరూ ఒక్కసారి ఆపేయాలి. ఆ ఆగిన చోట పలక మీద ఒక్క దెబ్బ. ఆ దెబ్బ ఆ అడిగిన పాపతోనే కొట్టించండి.

ఆటకు ముందు చేసే పూజ వదలొద్దు. వినాయకుడి బొమ్మ, తర్వాత సరస్వతి. అది అయ్యాకే హాస్యం, హాస్యం తర్వాతే కథ. కావాలంటే ఇంకా రాస్తా, విరూపణ్ణ సంగతి రాత్రికి చెప్తా.

---

ఓరుగల్లు వాకిలి:

అన్నా, మంచిగ చెప్పినవ్. మా దిక్కు తోలుబొమ్మల కన్నా కొయ్యబొమ్మలాట ఎక్కువ, జనగామ దగ్గర అమ్మాపురం వాళ్ళది. దాంట్లో నీడ ఉండదు, బొమ్మలే ఎదురుగా ఆడతయి. చిన్న పిల్లలకు అది కూడా తేలిక, తాళ్ళు కట్టిన బొమ్మలకు చీకటి అక్కర్లేదు, పగటిపూట చెట్టు కింద ఆడొచ్చు. రాగిముద్దగారూ, మీ ఊళ్లో లైటు ఆపడం కుదరకపోతే ఇది ఆలోచించండి.

ఒక అనుమానం. జటాయువు పడింది కేరళలో చడయమంగళం దగ్గర అని కూడా అంటరు కదా, అక్కడ కూడా పెద్ద విగ్రహం ఉంది. పిల్లలు అడిగితే ఏం చెప్తరు?

---

ఈతముల్లు:

ఓరుగల్లు అన్నా, బాగుంది ఆ మాట, కొయ్యబొమ్మల వాళ్ళ ఆట నేను ఒకసారి చూశా, గొప్పగా ఉంటుంది. మీ అనుమానానికి మా తాత చెప్పే జవాబు ఒకటి ఉంది. ఏ ఊళ్లో ఆట ఆడితే ఆ ఊళ్లోనే పక్షి పడింది అనేవాడు. రాముడు ఎన్ని ఊళ్ళ మీదుగా నడిచి ఉంటాడో అన్ని ఊళ్ళవాళ్ళూ ఆయనను తమ ఊరి మనిషిగా చూసుకున్నారు. పిల్లలకు అట్లాగే చెప్పొచ్చు. అక్కడా ఇక్కడా రెండు చోట్లా ఆ పక్షిని తలుచుకుంటున్నారని చెప్తే వాళ్ళకు అర్థమవుతుంది.

రాగిముద్ద అక్కకు విరూపణ్ణ సంగతి. రెండు కథలను అతికించకండి, రెండింటినీ బంగారక్కకు అప్పగించండి. మా ఆటలో కథ ఎంత పెద్దదైనా మధ్య మధ్యలో బంగారక్క, పోలిగాడు, కేతిగాడు వచ్చి పోతుంటారు. పాతకాలంలో వాళ్ళ మాటలు పెద్దవాళ్ళకే సరిపడేవి, పిల్లలున్న చోట మా నాయన మార్చేసేవాడు. మీ ఆటలో వాళ్ళను ఈ కాలపు మనుషులుగా పెట్టండి. హిందూపురం నుంచి ఆటో ఎక్కి లేపాక్షి చూడ్డానికి వచ్చారు అనుకోండి.

బంగారక్క: "ఏందిరా పోలీ, ఇంత ఎండలో కూడా ఈ బండ మీద తడి ఆరలేదు?"

పోలిగాడు: "యాడ అక్కా? ఓ, ఇదా, నా చెమట."

బంగారక్క: "ఛీ, నోరు మూసుకో. ఇది సీతమ్మ పాదం. రాక్షసుడు ఎత్తుకుపోతుంటే..."

అక్కడ బల్బు ఒక్క క్షణం ఆర్పి వెలిగిస్తే తెర మీద రావణుడి రథం ఉంటుంది. కథ అయిపోయాక మళ్ళీ వీళ్ళిద్దరు వస్తారు, గుడి వైపు పోతారు. పెద్ద నందిని చూసి పోలిగాడు ఆవలిస్తాడు, వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి లాగుతాడు, పిల్లలకు ఆ స్తంభం తెలుసు కాబట్టి అరుస్తారు. ఆ తర్వాత గోడ మీది ఎర్రమరకలు కనిపిస్తాయి. అక్కడ విరూపణ్ణ మొదలవుతాడు. ఎవరి కథ ఎప్పుడు మొదలైనా చెప్పేది ఆ ఇద్దరే కాబట్టి ఆట ఎక్కడా తెగదు.

ఇంకోటి. మీ పిల్లలు బొమ్మలు గీసేముందు గుడి పైకప్పు మీది చిత్రాలను మళ్ళీ చూడమనండి. వీరభద్రస్వామి గుడి నాట్యమండపం కప్పు మీద, విజయనగర కాలంలో వేసినవి. ఆ చీరల అంచులు, పొడుగాటి కళ్ళు, పక్కకు తిరిగిన ముఖాలు, సూదిలాంటి ముక్కులు మా బొమ్మల్లో కూడా ఉంటాయి. కొత్తగా డిజైన్లు వెతకాల్సిన పని లేదు, వాళ్ళ ఊరి గోడ మీదే ఉన్నాయి. ఒక్కో పిల్ల ఒక్కో చీర అంచు నోటుబుక్కులో ఎక్కించుకు వస్తే సీతకు ఒకటి, బంగారక్కకు ఒకటి పెట్టుకోవచ్చు.

---

బడిపంతులు:

రిటైరైన మాస్టారిని. ఆటలు బాగానే ఉన్నాయి, ఒక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. ఇంట్లో వాళ్ళే కాగితంతో ఆడుకుంటే అసలు కళాకారులకు ఏం మిగులుతుంది? మా చిన్నతనంలో వానలు రాకపోతే ఊరంతా చందా వేసుకుని విరాటపర్వం ఆడించేవాళ్ళం. శివరాత్రి జాగారానికి తెల్లవార్లూ ఆట ఉండేది. ఇప్పుడు ఆ కుటుంబాలు లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి బతుకుతున్నాయి.

---

ఈతముల్లు:

మాస్టారూ, మీ బాధ నాకు తెలుసు, నాదీ అదే. లాంప్‌షేడ్లు లేకపోతే మా వైపు చాలా ఇళ్ళలో పొయ్యి వెలిగేది కాదు, అందుకని వాటిని తక్కువగా చూడలేను. నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఇళ్ళన్నిట్లో పండగే. ఆ గౌరవం బొమ్మ చేసే చేతికీ, ఆడించే చేతికీ రెండింటికీ వచ్చినట్టు అనిపించింది. కానీ గోడకు తగిలించిన బొమ్మ మాట్లాడదు. కొనేవాళ్ళు ఉన్నారు, చూసేవాళ్ళు తగ్గారు. చూసేవాళ్ళు తగ్గితే మాట పోతుంది, పద్యం పోతుంది. రంగనాథ రామాయణం ద్విపదలు మా మేనత్తకు నోటికి వచ్చు, ఆమె తర్వాత మా ఇంట్లో అంత వచ్చినవాళ్ళు లేరు.

ఇంట్లో ఆడుకున్న పిల్లలు రేపు మా ఆటకు వచ్చి కూర్చుంటారు, తెర వెనక ఏం జరుగుతోందో వాళ్ళకు తెలుసు కాబట్టి ఎక్కువసేపు కూర్చుంటారు. నాకు ఆ నమ్మకం ఉంది. అయితే మీ మాటలో న్యాయం కూడా ఉంది. అక్కా, కుదిరితే రెండూ చేయండి. ముందురోజు పిల్లల ఆట, మరుసటిరోజు నిజమైన బృందం. పిలిచేటప్పుడు ఎనిమిది పది మంది వస్తారని గుర్తుంచుకోండి, ఆడవాళ్ళు, పిల్లలు కూడా ఉంటారు, మాది ఇంటిల్లిపాదీ చేసే పని. డబ్బు ముందే మాట్లాడుకోండి, బండి ఖర్చు, భోజనం అందులో కలపకుండా విడిగా ఇవ్వండి. అరగంటలో అయిపోవాలని అడగొద్దు, రెండు గంటలైనా ఇవ్వండి. ఆట అయ్యాక పిల్లలను తెర వెనక్కు పంపండి, మా వాళ్ళు కాదనరు. ఒక బొమ్మను చేతికి ఇస్తారు. చేతికి తీసుకునే ముందు కళ్ళకు అద్దుకోమని చెప్పండి, అది మా ఇంటి పద్ధతి. పెట్టెలో పెట్టేటప్పుడు రాముడినీ రావణుడినీ పక్కపక్కన పెట్టరు, ఆ సంగతి కూడా పిల్లలకు చెప్తే ఇష్టపడతారు.

---

రాగిముద్ద:

అన్నా, మీ మాటలన్నీ మా ఇంటివాళ్ళ గ్రూపులో పెట్టాను. రికార్డింగు ఆలోచన మా ఆయనే మానుకున్నారు, ఆయనకు రావణుడి వేషం ఇచ్చాం. గొంతు బాగా పెద్దది. మా మామ అప్పుడే పద్యం వెతకడం మొదలుపెట్టారు. బంగారక్క ఎవరు అని అడిగితే మా అత్తమ్మ తనే అంది! లైటు సంగతి లైన్‌మన్‌తో మాట్లాడతానని చిన్నమామ చెప్పారు. మాస్టారూ, మీరు అడిగింది సరైన ప్రశ్నే, రెండో రోజు బృందాన్ని పిలవడానికి ఇంట్లో అందరం తలా కొంత వేసుకుంటున్నాం.

ఒక్కటి మిగిలింది. విరూపణ్ణ కళ్ళు పీక్కుని గోడకేసి కొట్టుకున్నాడనే చోటు. రాజుగారి ఖజానా డబ్బు అడగకుండా గుడికి ఖర్చు చేశాడని నింద పడితే అలా చేసుకున్నాడని, కల్యాణమండపం అందుకే సగంలో ఆగిపోయిందని మా అత్తమ్మ చెప్తుంది. అయిదేళ్ళ పిల్ల ముందు అది ఎలా చూపించాలి? వదిలేద్దామంటే ఆమె ఒప్పుకోదు.

---

ఈతముల్లు:

వదలొద్దు అక్కా, అత్తమ్మ చెప్పిందే నిజం, ఆ మరక లేకపోతే ఆ కథే లేదు. కానీ చూపించాల్సిన పని లేదు. విరూపణ్ణ బొమ్మను జనానికి వీపు తిప్పి, గోడ వైపు మొహం పెట్టి నిలబెట్టండి. ముఖం, చేతులు కనిపించకూడదు. రాజభటుల మాటలు తెర పక్కనుంచి వినిపించాలి, బొమ్మలుగా రానక్కర్లేదు. అతను ఒక్క మాట అంటాడు, "ఈ కళ్ళతో గుడి చూసుకున్నా, ఇక చాలు." ఆ మాట మీ మామ చేత చెప్పించండి, పిల్లలతో వద్దు. వెంటనే ఎవరో ఒకరు బల్బు ముందుకు ఎర్ర జిలెటిన్ కాగితాన్ని మెల్లగా జరపాలి, తెర మొత్తం ఎర్రబడుతుంది. కాగితాన్ని అట్టచట్రానికి బిగించుకోండి, బల్బుకు మరీ దగ్గర పెట్టొద్దు, వేడికి ముడుచుకుపోతుంది. మనసులో పది లెక్కపెట్టి తీసేయండి. తీసేసరికి విరూపణ్ణ ఉండడు, గోడ మాత్రం ఉంటుంది, దానిమీద రెండు ఎర్ర చుక్కలు. ఆ చుక్కలను ముందే గోడ బొమ్మలో కోసి వెనక ఎర్రకాగితం అంటించి, దానిపైన నల్ల అట్టముక్క మూసి ఉంచండి. తెర ఎర్రగా ఉన్నప్పుడు ఆ అట్టముక్క లాగేస్తే చాలు.

వెంటనే పోలిగాడు రాకూడదు. కాసేపు హార్మోనియం ఒక్కటే ఉండాలి. తర్వాత బంగారక్క ఒక్కతే వచ్చి ఆ గోడకు దండం పెట్టి, పిల్లలను ఇంటికి పోదాం పదండి అని పిలుస్తుంది. అత్తమ్మకు ఆ మాట ఎట్లా అనాలో ఎవరూ నేర్పించక్కర్లేదు. కొబ్బరినూనె రాసిన బొమ్మలను మాత్రం ఆట ముందురోజే సిద్ధం చేసి, పాత పేపర్ల మధ్య పెట్టి ఉంచండి. అదే రోజు రాస్తే తెర పాడవుతుంది.